తోమా, త్రిమూర్తులు ఒక్కరేనని ధ్రువీకరించుట గురించి

జిల్లా కలెక్టరు గారి సముఖమునకు,
అల్ ఐన్, 14-02-2023.

అయ్యా,

విషయం: మృతురాలు సత్యకుమారికి నేనే భర్తనని ధ్రువపత్రం ఇప్పించు విషయమై.

1. నేను యు.ఏ.ఇ. దేశములో, ఒమన్ సరిహద్దు పట్టణమైన అల్ ఐన్‌లో, ఇక్కడి పాత ఆర్థడాక్స్ కెతీడ్రల్‌లో పద్దెనిమిదేళ్లుగా నేల తుడిచే పని చేయుచున్నాను. సత్యకుమారి ఒక అరబ్బు ఇంట్లో వంటమనిషి. ప్రార్థనకు వచ్చేది. 2011లో అదే కెతీడ్రల్‌లో మా వివాహమైనది. అందుకు ముందుగా నేను బాప్తిస్మం పుచ్చుకోగా, ఫాదరు గారు రిజిస్టరులో త్రిమూర్తులు అను నా పేరును తోమా అని వ్రాసినారు.

2. 2020 మార్చిలో ఆమె యజమానురాలు షహర్బాను గారు తల్లిని చూచుటకు బురైమి వెళ్తూ నా భార్యను వెంట తీసుకుపోయినారు. బురైమి ఒమన్‌లోనిది, కంచెకు అవతలి ఊరు. వారం రోజులే అన్నారు. మూడో రోజున కరోనా వలన సరిహద్దు మూసినారు.

3. కెతీడ్రల్ మేడ ఎక్కితే బురైమి ఇళ్లు కనబడును. ఆమె కూడా అక్కడ మేడెక్కి ఫోన్ చేసేది.

"చూత్తానే ఉన్నానండి, ఆనట్లేదు. పైన సిలువ పెట్టనివ్వరు కదా, ఏది మన చర్చో ఏది ఇల్లో తెలవట్లేదు."

"చెయ్యి ఊపుతున్నా, చూడు" అన్నాను.

ఒకరికొకరం కనబడలేదు.

4. జూన్ 19న షహర్బాను గారు ఫోన్ చేసి "సత్యా ఖలాస్" అన్నారు. జ్వరమని అంతవరకు నాకు తెలియదు. అక్కడే పాతిపెట్టినారు. ఇక్కడ జనాన్ని రానివ్వనందున ఫాదరు గారు, నేను ఇద్దరమే ప్రార్థన చేసితిమి. పెట్టె ఉండవలసిన చోట ఏమీ లేదు. అయిపోయిన తరువాత ఆ చోటు కూడా తుడిచితిని.

5. సమాధి చూచుటకు ఒమన్ వెళ్లాలంటే భర్తనని రుజువు కావాలని సరిహద్దు వద్ద అన్నారు. ఆమె పాస్‌పోర్టులో నా పేరు లేదు. సెలవు మీద మన దేశం వచ్చినప్పుడు మండల కార్యాలయములో చర్చి కాగితం చూపితిని.

"ఈ తోమా ఎవరయ్యా?" అన్నారు గుమాస్తా గారు.

"నేనేనండి."

"మరి త్రిమూర్తులు?"

"అతనూ నేనేనండి."

"ఎవరో ఒకరు తేల్చుకుని రండి."

కావున ఇద్దరమూ ఒక్కరమేనని తమరు చిత్తగించి ఉత్తర్వు ఇప్పించవలెను. అలా వీలు కాకపోతే తోమానే భర్తగా వ్రాయించండి. త్రిమూర్తులు పెళ్లికానివాడుగా మిగిలిపోయినా నాకు అభ్యంతరం లేదు.

తమ విధేయుడు,
త్రిమూర్తులు అనబడే తోమా

తా.క.: అక్కడికి పోయి ఏం చేస్తావని ఫాదరు గారు అడిగినారు. తెలియదండి. ఇంతవరకు నాకు ఏడుపు రాలేదు.