సింహం వేటకు పోయిన అన్నకు

అన్నా,

నల్లమలలో చిరుత అడుగులు గుర్తుపట్టే నీ నేర్పు చూసి, దొర నిన్ను ఆఫ్రికా వేటకు ఓడెక్కించి నేటికి మూడేళ్లు. ఆయన తిరిగి వచ్చాడని విని నిన్న నాయన, నేను అర్ధవీడు నుంచి కంభంలోని ఆయన బంగళాకు నడిచి వెళ్లాం. నీతోపాటు వెళ్లిన వంటమనిషి మమ్మల్ని పక్కకు పిలిచాడు.

"దెబ్బతిన్న సింహాన్ని వెతకనీకి గడ్డిలోకి మీవాణ్ణే ముందు పంపినారు, పెద్దాయనా. అది మీద పడింది. ఆడనే పూడ్చినాము."

వరండాలో ఆ సింహం తోలు పరిచి ఉంది. నాయన దాన్ని చేత్తో తడిమి చూశాడు. తిరిగొచ్చే దారిలో, "మీ అమ్మకు చెప్పబాకరా" అన్నాడు.

ఇప్పుడు నేను రాస్తుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"అన్నకేనా? నల్లగొర్రె రెండు పిల్లల్ని ఈనిందని రాయి. వాడు సంతోషపడతాడు" అంది.

రాశాను, అన్నా.