అరగంట రింగు

1984 మార్చి 12

కాళ్లు కడుక్కోను నీళ్లు లేని కళ్యాణదుర్గంలో, ఈరోజు నా రిపేరు టేబుల్ మీదికి సముద్రంలో మునిగి పనిచేసేవాళ్ల వాచీ వచ్చింది. బావులు తవ్వే తిప్పేస్వామి తెచ్చాడు. పదమూడేళ్ల కిందట బొంబాయి రేవులో పనిచేసేటప్పుడు ఒక డైవర్ దొర ఇచ్చిపోయాడట. ఇప్పుడు ముఠాలో కుర్రాళ్లు, అది డూప్లికేటు, దాన్ని చూసి నువ్వు ఆగమంటే మేమెందుకు ఆగాల అంటున్నారట. అసలుదో కాదో తేల్చు నరసింహన్నా, వాళ్ల పానాలు దీని మీదే ఉండాయి అన్నాడు. వాచీకీ ప్రాణాలకూ సంబంధమేమిటని అడగలేదు. నా కళ్లన్నీ వాచీ మీదే.

మార్చి 13

మూత తెరిచాను. ఒక్క చుక్క తుప్పు లేదు. పాత వాచీలు సేకరించే బెంగళూరు ఆయన ఇచ్చిన క్యాటలాగ్‌తో నంబరు కలిపి చూశాను. సరిపోయింది. డయల్, ముళ్లు, మిషన్ అన్నీ ఒరిజినల్. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇలాంటిది ముట్టుకోలేదు. సంతోషంతో అన్నం కూడా సయించలేదు.

ఒక్కటే రిపేరు. అద్దం చుట్టూ ఉన్న రింగు లూజు. పట్టుకుంటే టకటకా తిరుగుతోంది. అరల్డైట్ జిగురు పెట్టి బిగించేశాను. ఫ్రీ.

మార్చి 14

అసలుదే అనగానే తిప్పేస్వామి ముఖం వెలిగింది. రింగు తిప్పబోయాడు. కదల్లేదు. స్టూలు మీద కూలబడ్డాడు.

అది తిరగాల్సిందేనట. నీళ్లలో మునిగినవాడు ఎంతసేపైందో దాంతోనే చూసుకుంటాడట. తిప్పేస్వామికి బావి దగ్గర పని. బండ పేల్చేందుకు నాలుగు మందు తూటాలు పెట్టి మూడే పేలితే, రింగు మీది గుర్తును సరిగ్గా నిమిషాల ముల్లు కొనకు తిప్పి పెడతాడు. ముల్లు అక్కణ్నించి అరగంట దాటేదాకా ఎవరినీ దిగనివ్వడు. ఇన్నేండ్లలో మావోళ్లకు గోరంత దెబ్బ తగల్లేదన్నా, శనివారం కంబదూరు కాడ పేల్చాల, ఇట్ల జేసినావేమప్పా అన్నాడు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చాను.

మార్చి 15

కిరసనాయిలుకు జిగురు ఊడలేదు. థిన్నర్‌కూ ఊడలేదు.

మార్చి 16, సాయంత్రం 6

పొద్దున్నే మిషన్ తీసి పక్కన పెట్టి, ఉత్త కేసును మరిగే నీళ్లలో వేశాను. మా పెద్దక్క, ఈపొద్దు కూరలోకి వాచీనా అని దెప్పింది. ఆమె కుట్టుసూదితోనే జిగురు గీకాను. నాలుగోసారి మరిగించాక రింగు టక్ అంది. ఏడుపొచ్చింది.

అంతా బిగించి రేడియో టైముతో కలిపి చూశాను. తేడా లేదు.

నా కబురు అందుకుని మధ్యాహ్నం బస్సులో బెంగళూరు ఆయన వచ్చాడు. లెన్స్ పెట్టి చూసి, తిప్పేస్వామి వెంట వచ్చిన కుర్రాళ్ల ముందే ఒరిజినల్ అన్నాడు. రింగు పక్కన గీత ఎవరు పెట్టారన్నాడు. నేనే అన్నాను. అయినా సరే, ఏమడిగితే అదిస్తా, నాకిచ్చెయ్ అని బతిమాలాడు. బావి కానీండి సార్, అప్పుడు చూద్దాం అని తిప్పేస్వామి వాచీ చేతికి కట్టుకున్నాడు.

మార్చి 17, కంబదూరు

నాలుగు పెట్టారు. మూడు పేలాయి. తిప్పేస్వామి రింగు తిప్పాడు. కుర్రాళ్లు గొణుక్కుంటూ కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను.

ఏడో నిమిషంలో నాలుగోది పేలింది.

అందరం గట్టు మీదే ఉన్నాం. మా మీద పడిన మన్ను తడిగా ఉంది.