కుడివైపు జేబు

చిరంజీవి సౌభాగ్యవతి, నా చిట్టి బొత్తానికి నాన్న మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అమ్మ, మీ అమ్మ మోకాలి నొప్పి, ముగ్గురమూ క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడుగారు, ఇంకా ఏ పేరుతోనూ పిలవకూడదని నువ్వు రాసిన ఆ మూడో మనిషి కూడా క్షేమమని తలుస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. చదివి మడిచాను. మడత విప్పి మళ్ళీ చదివాను. కాగితం పాత జేబురుమాలులాగా మెత్తబడిపోయింది. సంతోషం పట్టలేక చెప్పులు మరిచిపోయి వీధి చివరిదాకా నడిచాను. "ఏం తాతా, కాళ్ళకి గాలాడ్డం లేదా" అన్నాడు పాలవాడు. నువ్వు ఎవరికీ చెప్పవద్దన్నావు కాబట్టి వాడికి ఏమీ చెప్పలేదు. నోటికి టాకాలు వేసుకుని తిరుగుతున్నాను. ఏ క్షణాన తెగుతాయో తెలియదు.

ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటని అల్లుడుగారు నవ్వుతున్నారని రాశావు. మాట గాలికి పోతుందనీ, కాగితమైతే మడిచి దాచుకోవచ్చనీ ఆయనతో చెప్పు. జన్మంతా లాండ్రీలో ఇస్త్రీ చేసి మడతలు పెట్టినవాణ్ణి, మడత పడని దాన్ని నేను నమ్మను. ఇంకో సంగతి కూడా ఉంది. ఫోనులో మాట్లాడితే మీ అమ్మ వింటుంది. ఈ ఉత్తరం నీ ఒక్కదానికే.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. మీ అమ్మ నీలం చీర, తెల్లచుక్కలది, పంపమన్నావు. ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. దాని అంచు మీద కందిగింజంత తుప్పు మరక ఉంటుంది. నా ఇస్త్రీపెట్టె కారిన నీటిచుక్క అది. ఎంత ఉతికినా పోలేదు. ఆ మరక గుర్తుపెట్టుకో, దాని పని తరవాత ఉంది. ఇక ఉత్తరం అంతా అయిపోయాక, సంతకం కింద, చిన్న అక్షరాలతో "నాన్నా, ఈసారైనా నిలుస్తుందా" అని రాశావు. రెండుసార్లు చేజారిన భయం నాకు తెలియనిదా తల్లీ. నిలుస్తుంది. నీ మనసు ఊరుకోబెట్టడానికి అంటున్న మాట కాదు. నాకు తెలుసు. ఎలా తెలుసో చెప్పడానికే ఇంత రాయవలసి వస్తోంది.

పని మానేశాక చేతులు ఊరుకోక, నువ్వు కొనిచ్చిన ఫోనులో పాత సామాను అమ్మే అంగళ్ళు చూడటం మొదలుపెట్టానని నీకు చెప్పాను కదా. అబ్బ, అదొక లోకమమ్మా. ఎవరో ఎప్పుడో తొడిగి వదిలేసిన కోట్లు, లేసు మెడల గౌన్లు, పట్టు మాసికల పరికిణీలు, ఒక అద్దమే ఉన్న కళ్ళజోళ్ళు, ముల్లు వెనక్కి తిరిగే గడియారం. కోడిపెట్ట ఆకారంలో ఉన్న టీ కూజా ఒకటి కొన్నాను. ముక్కులోంచి టీ వస్తుంది, తోకలోంచి కూడా కొంచెం వస్తుంది. మీ అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంట్లో పాత సామాను తక్కువైందా ఏమిటి, మీరున్నారుగా" అంది. అయినా రోజూ టీ దాంట్లోనే పోస్తోంది.

నాకు ఎక్కువ ఇష్టం బట్టలే. ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేస్తే ముడతలు కనిపిస్తాయి. మోచేతి దగ్గర ముడతను బట్టి ఆ మనిషి బల్ల ముందు కూర్చునేవాడా, బరువులు మోసేవాడా చెప్పేయొచ్చు. మనిషి పోయినా ముడత పోదు. అలా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోతూ పోతూ ఒక అంగడి దగ్గర ఆగాను. దాని పేరు "తొడిగినవి". అంతే, ఇంకేమీ లేదు. యజమాని పేరు లేదు. ప్రతి ఫొటోలోనూ అదే తెల్లగోడ, అదే మేకు, పక్కన ఓరగా తెరిచిన తలుపు. ప్రతి బట్టా అప్పుడే ఒంటి మీంచి విప్పి తగిలించినట్టు ఉంటుంది. చేతులు ఇంకా కొంచెం వంగే ఉంటాయి. ప్రతిదాని కిందా ఒకే మాట, "బాగా తొడిగారు."

అక్కడ ఒక ఊదారంగు స్వెట్టరు చూశాను. గుండీలన్నీ తెల్లవి, ఒకటి మాత్రం కొయ్యది. మోచేతులు అరిగి, ఎడమచేతి మీద పడవ ఆకారంలో ఇస్త్రీ కాలిన మరక. ఎవడో చేతకానివాడి పని అని నవ్వుకున్నాను. చలి మొదలయ్యాక మన పై వాటా వయొలిన్ పంతులమ్మ కిందికి దిగి వచ్చింది, ఒంటి మీద సరికొత్త ఊదా స్వెట్టరు. "మా చెల్లి అల్లింది మామయ్యా. ఒక గుండీ తక్కువైతే కొయ్యది పెట్టేసింది, చూడండి దాని పిసినారితనం" అంది. అది ఇంకా ముడతైనా పడని స్వెట్టరు, బొత్తాం తల్లీ. నేను దాని అరిగిన మోచేతులు ముందే చూశాను.

ఆమె కొన్నాళ్ళకు దాన్ని ఇస్త్రీకి తెచ్చింది. వద్దనబోయాను. "మీరు తప్ప ఎవరికీ ఇవ్వను" అంది. తడిగుడ్డ పరిచాను, సెగ తగ్గించాను, ఆ ఎడమచేతిని మాత్రం తాకకూడదనుకున్నాను. మరక ఎక్కడ పడాలో అక్కడే చూస్తూ ఉన్నాను. చూస్తూ చూస్తూ చెయ్యి అక్కడే ఆగిపోయింది. కమురు వాసన వచ్చాక గానీ తెలియలేదు. పడవ, అచ్చంగా అదే పడవ. పంతులమ్మ నా మొహం చూసి, "పోనీలే మామయ్యా, మరక ఉంటే ఎవరూ ఎత్తుకుపోరు" అని ఓదార్చింది. ఆవిడ పోగానే ఆ అంగడికి రాశాను, ఈ స్వెట్టరు మీకు ఎలా వచ్చిందని. వెంటనే జవాబు వచ్చింది. "వాళ్ళు తొడగడం అయిపోయాక మా దగ్గరికి వస్తాయండీ."

ఇక చూడకూడదని ఫోను బియ్యండబ్బాలో పెట్టాను. మీ అమ్మ "తడిసిందా" అని అడిగింది. అవునన్నాను. నీ ఉత్తరం వచ్చిన రోజున మళ్ళీ తీశాను.

ఇక్కడ నువ్వు నన్ను తిట్టాలి. పుట్టేదాకా పిల్లకి ఏమీ కొనవద్దు, ఒక్క దారప్పోగు కూడా ఇంట్లోకి తేవద్దు అని అంత గట్టిగా రాశావు. నేను కొన్నాను. ఊరికే చూద్దామనే వెళ్ళాను తల్లీ. ఆ మేకుకి చిన్న గౌను తగిలించి ఉంది. నీలం గుడ్డ, తెల్లచుక్కలు, భుజం మీద కందిగింజంత తుప్పు మరక.

లేచి వెళ్ళి బీరువా తీశాను. మీ అమ్మ చీర చెక్కుచెదరకుండా, కత్తెర పడకుండా, నేను పెట్టిన మడతలోనే ఉంది. మరక అంచు మీదే ఉంది.

గౌను పార్సిల్లో వచ్చింది. పంపినవాళ్ళ చిరునామా లేదు. విప్పితే వెచ్చగా ఉంది, ఇస్త్రీ వెచ్చదనం కాదు, ఒంటి వెచ్చదనం. గదంతా పాలవాసన. వంటింట్లోంచి మీ అమ్మ, "ఏమండీ, పాలు పొంగాయా, చూడరేం" అని కేకేసింది. పొయ్యి మీద పాలే లేవు. చీరనీ గౌనునీ పక్కపక్కన పరిచాను. ఒకే గుడ్డ, ఒకే మరక. కుట్లన్నీ కుడి నుంచి ఎడమకి వాలి ఉన్నాయి. ఈ లోకంలో అలా వాల్చి కుట్టే ఎడమచేయి ఒక్కటే, దాన్ని పట్టుకుని నేను బడికి తీసుకెళ్ళాను.

భయం వేసింది, లేదనను. ఆ తరవాత అడుగు అంచు తిప్పి చూశాను. ఎదిగే పిల్లలకు లోపల గుడ్డ మడిచి వదలమని మీ అమ్మ నీకు నేర్పింది కదా. ఆ మడత ఒకసారి విప్పి ఉంది. ఆ పైన ఇంకోసారి. ఆ పైన ఇంకోసారి. విప్పిన చోటల్లా పాత మడత గీత అలాగే మిగిలింది. అంటే ఏమిటి తల్లీ? పిల్ల పొడుగెదిగింది. మళ్ళీ ఎదిగింది. నువ్వు కూర్చుని విప్పుతూ వచ్చావు. ముందువైపు మోకాళ్ళ దగ్గర గుడ్డ అరిగింది, పాకిన అరుగుడు. నేల మీద కూలబడి గట్టిగా నవ్వాను. మీ అమ్మ వచ్చి, "కోడిపెట్ట గుడ్డు పెట్టిందా" అంది. గౌను చొక్కాలో దాచేశాను. ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నీకు పంపను. దీన్ని చూసి కుట్టకూడదు, నీ అంతట నువ్వే కుట్టాలి. చీర అందుకే పంపుతున్నాను.

ఇక్కడితో ఆపేస్తే మంచి ఉత్తరం. కానీ నీకు సగం చెప్పడం నాకు చేతకాదు. ఆ అంగట్లో ఇంకొకటి కూడా చూశాను.

నువ్వు రాశావు, నాకు చొక్కా కుడుతున్నానని, రంగు మాత్రం చెప్పనని, మనవణ్ణో మనవరాలినో మొదటిసారి ఎత్తుకున్నప్పుడు అదే తొడుక్కోవాలని. బూడిదరంగు కదూ, మీద సన్నటి ఎర్రచారలు? జేబు కుడివైపు పడింది కదూ? ఎడమచేత్తో గుడ్డ తిరగేసి కత్తిరించి చిన్నప్పుడు నువ్వు నాకు కుట్టిన మొదటి చొక్కాకీ అంతే. అది తొడుక్కుని లాండ్రీకి వెళ్తే యజమాని, "గుండె ఎటువైపు ఉంటుందో కూడా తెలీదా మీ అమ్మాయికి" అన్నాడు. "నాకు రెండువైపులా ఉంది లెండి" అన్నాను.

ఆ చొక్కా అదే మేకుకి ఉంది. దాని కింద మాత్రం వేరే మాట రాసి ఉంది. "తొడగలేదు."

పెద్దది చేసి చూశాను. మోచేతుల దగ్గర ముడత లేదు. కాలరు లోపల చెమట గీత లేదు. కొత్త మడతలు కొత్తగానే ఉన్నాయి. నిజమేనా అని రాశాను. "నిజమేనండీ. మా దగ్గర తొడగనిది ఇదొక్కటే. ఎందుకు వచ్చిందో మాకూ తెలీదు" అని జవాబిచ్చారు. అప్పుడే మీ అమ్మ నా భుజం మీంచి తొంగి చూసింది.

"ఇది మీకు బాగుంటుంది, తీసుకోండి."

"వద్దులే. అమ్మాయి కుడుతోందిగా."

"అది కుట్టేసరికి మీ మనవడు తొడుక్కుంటాడు. దాని సంగతి తెలీదూ?"

"తెలుసు" అన్నాను. మీ అమ్మ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఈ ఒక్క సంగతీ ఆమెకు చెప్పకు.

మొదట నీకు రాయాలనుకున్నాను, చొక్కా ఆపెయ్యమని, ఆ గుడ్డ ఎవరికైనా ఇచ్చెయ్యమని. కలం మూత తీశాను. స్వెట్టరు గుర్తొచ్చింది. మరక తప్పించబోయి నా చేత్తోనే వేశాను. అయినా ఒక పోగు లాగితే గుడ్డ ఎక్కడ ముడుచుకుంటుందో ఎవరికి తెలుసు? చొక్కా ఆపితే గౌను ఆగదని నాతో ఎవరు చెప్పగలరు? గౌను తగిలించిన మేకుకే చొక్కా కూడా తగిలించి ఉంది. గౌను ఉండాలి. కాబట్టి చొక్కా కుట్టు. కాజాలన్నీ పూర్తిచెయ్యి. ఈపాటికి జేబు చూసుకుని నాలిక కరుచుకుని ఉంటావు. విప్పకు. కుడివైపే ఉండనీ.

నా కోసం ఏడవకు తల్లీ. ఏడిస్తే కడుపులో పిల్ల ఉలిక్కిపడుతుంది. నేను సంతోషంగా ఉన్నాను, నిజంగా. ఎందుకో ఈ చివరి మాట చదివితే నీకే తెలుస్తుంది. నిన్న ఆ చొక్కా ఫొటోని ఇంకా పెద్దది చేశాను, ఇక పెరగదు అనేదాకా. కుడివైపు జేబు అంచున, ఒకే చోట, చిన్న చిన్న ముడతలు, ఒకదాని మీద ఒకటి. తొడిగితే పడేవి కావు. మడత విప్పకుండా పక్కలో పెట్టుకుని, పిడికిట్లో గట్టిగా పట్టుకుని నిద్రపోతే పడేవి. ఒక్క నిద్రలో పడేవి కూడా కావు, ఏళ్ళ తరబడి పట్టుకుంటే గానీ అంత లోతుగా దిగవు. ఆ పిడికిలి ఎంతుందో కొలిచాను. ఒక కోటు గుండీ కంటే కొంచెం పెద్దది.

ఆ ముడత ఎంత వేడికీ లొంగదు, నా మాట విను. ఆ చొక్కాని ఎప్పుడూ ఇస్త్రీ చెయ్యకు.

అల్లుడుగారికి నా దీవెనలు. ఆ మూడో మనిషికి నా రెండు గుండెలూ.

ఇట్లు,
నీ చొక్కా ఇప్పటికే తొడుక్కున్నంత వెచ్చగా ఉన్న
మీ నాన్న