ఫ్రెండ్లీ మ్యాచ్‌లో పడగొట్టినందుకు

ఆదివారం, జూన్ 7

చిరంజీవి గోడకు,

మీ పిన్ని మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ బాబాయీ, నీ చెల్లెలు పిచ్చుకా క్షేమంగా ఉన్నాం. అక్కడి క్షేమం నువ్వే రాయాలి. ఎందుకంటే మీ అమ్మ మ్యాచ్ రోజు నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తకపోవడంలో న్యాయం ఉందిలే. సొంత అక్క పక్కన కూర్చుని ఆమె కూతుర్నే నోటికొచ్చినట్టు తిట్టాను మరి.

నీకు ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ ఫోన్‌లో నాకు వస్తే ఏడుపు, లేకపోతే అరుపు. మూడోది రాదని నీకూ తెలుసు. అందుకే కాగితం తీసుకున్నాను. నీకు నేను దణ్ణం పెట్టాలే తల్లీ. పెద్దదాన్ని, పెట్టకూడదు గనుక ఉత్తరం రాస్తున్నాను. ఎందుకో మొదటినుంచీ చెబితేగానీ నా మనసు కుదుటపడదు.

పిచ్చుక మోకాలికి ఆపరేషన్ అయిన సంగతి నీకు తెలుసు. ఆ తర్వాత మా ఇంట్లో ఏం జరిగిందో తెలియదు. కాలు బాగైంది, ఇక ఆడుకోవచ్చు అన్నాడు డాక్టరు. ఆడింది కూడా. కానీ ఎవరైనా బంతి కోసం ఎదురొస్తే చాలు, చటుక్కున కాలు వెనక్కి లాగేసుకునేది. మోకాలు బాగైంది, భయం బాగవలేదు. దానికి తోడు ఫుట్‌బాల్ జట్టులో పిల్లలంతా మంచివాళ్ళు. ఆ మంచితనమే మా కొంప ముంచింది. ప్రాక్టీసులో ఇది బంతి తీసుకుని వస్తుంటే, నిండు బిందె మోసుకొచ్చే మనిషికి దారి ఇచ్చినట్టు పక్కకు తప్పుకునేవాళ్ళు. ఇంట్లో మేం మాత్రం తక్కువ తిన్నామా? మెట్లు దిగుతుంటే మీ బాబాయి చెయ్యి పట్టుకునేవాడు. స్నానాల గదిలో జారుతుందని నేను పాత తువ్వాళ్ళన్నీ నేలమీద పరిచేదాన్ని.

ఒకరోజు వాళ్ళ కోచ్ నన్ను పిలిపించి, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పింది. కాలు వెనక్కి లాగే ఫార్వర్డ్‌ని ప్రపంచ కప్పుకి తీసుకెళ్ళలేనమ్మా అంది. పక్క దేశంతో ఫ్రెండ్లీ మ్యాచ్ ఉంది, అందులో చూస్తాను, మర్నాడు జట్టు ప్రకటించాలి అంది. చెబుతూ ఆవిడే నా చెయ్యి పట్టుకుంది. అందుకే కోపం కూడా తెచ్చుకోలేకపోయాను.

పక్క దేశం అంటే మీ అమ్మ మెట్టిన దేశం, మీ జట్టు. దీనికి ఎదురు నిలబడే డిఫెండర్ అంటే నువ్వు. నాకెంత ధైర్యం వచ్చిందనుకున్నావు! చిన్నప్పుడు సెలవులకొచ్చి మా సందులో ఆడితే నిన్ను దాటి బంతి పోయేది కాదని, నీకు గోడ అని పేరు పెట్టిందే నేను. అయినా ఇప్పుడు పెద్దయ్యావు, చెల్లెలి కష్టం చూసి మెల్లగా ఆడతావులే అనుకున్నాను. పైగా అది ఫ్రెండ్లీ. పెద్ద పోటీకి ముందు ఆడే ఫ్రెండ్లీలో ఎవరూ పూర్తిగా కాలు పెట్టరు. ఏ పిల్లకైనా దెబ్బ తగిలితే ప్రపంచ కప్పు పోయినట్టే గనుక, ఎవరూ నోరు తెరిచి చెప్పకుండానే రెండు జట్లూ ఒళ్ళు దాచుకుని ఆడతాయి.

మొదటి సగమంతా అలాగే గడిచింది. స్టేడియం సిమెంటు మెట్ల మీద నేనూ మీ అమ్మా ఒకే దుప్పటి పరుచుకుని కూర్చున్నాం. పిచ్చుక బంతి దగ్గరకు వెళ్ళడం, మీవాళ్ళు ఆగడం, అయినా ఇది భయపడి బంతి వదిలేయడం. కోచ్ ముఖం చూడలేక నేను దుప్పటి అంచు పోగులు పీకుతూ కూర్చున్నాను.

రెండో సగంలో అది గీత పక్కనుంచి బంతి తీసుకుని వస్తుంటే నువ్వు ఎదురొచ్చావు. ఆగుతావనుకున్నాను. ఆగలేదు. బంతినీ, మనిషినీ కలిపి ఊడ్చేశావు. నా కూతురు గాల్లోకి లేచి దబ్బున కింద పడింది. స్టేడియం అంతా నీ మీద విరుచుకుపడింది. రిఫరీ పసుపు కార్డు తీసింది. అందరికంటే పెద్ద గొంతు నాదే. ఒసేయ్ రాక్షసీ, నా పిల్ల కాలు విరగ్గొట్టడానికే వచ్చావటే అని అరిచాను. మీ అమ్మ ఊరుకోవే అంది. నువ్వు పెంచిన పెంపకమే ఇది అని ఆమెనూ అనేశాను. ఆమె దుప్పటి లాక్కుని పై వరుసలోకి వెళ్ళి కూర్చుంది.

నువ్వేమో దాని ముందు కొయ్యలా నిలబడ్డావు. చెయ్యి కూడా అందించలేదు. ఎంత పొగరు అనుకున్నాను.

అది తనంతట తనే లేచింది. మోకాలు మడిచి చూసుకుంది, చాపి చూసుకుంది, మళ్ళీ మడిచింది. తర్వాత నవ్వింది. ఎంత కాలమైందే ఆ ముఖంలో ఆ నవ్వు చూసి! ఇక అక్కడినుంచి బంతి దొరికితే చాలు, నీ మీదికే వచ్చింది. కాలికి కాలు అడ్డం పెట్టింది, భుజంతో నిన్ను ఒక్క నెట్టు నెట్టింది. గోల్ పడలేదు, మ్యాచ్ డ్రా అయింది. అయితేనేం, కోచ్ చూడాల్సింది చూసింది.

మర్నాడు నేను పార్సిల్ ఆఫీసు కౌంటర్లో ఉంటే ఫోన్ వచ్చింది. అమ్మా, జట్టులో నా పేరుంది అని అరిచింది. అప్పుడే ఒక పెద్దాయన తన పార్సిల్ కాటా మీద పెట్టాడు. నేను దాని మీదే వాలిపోయి ఏడుస్తున్నాను. ఆయన కాసేపు చూసి చూసి, అమ్మా, తమరు కాస్త లేస్తే నా పార్సిల్ బరువెంతో తెలుస్తుంది అన్నాడు పాపం.

ప్రేమ పేరు చెప్పి మేమంతా దాన్ని గాజుబొమ్మను చేసి కూర్చోబెట్టాం. నువ్వొక్కదానివే దాన్ని ఎప్పటిలా ఎదుర్కొన్నావు. నీ ఆట నువ్వు ఆడావు, అంతేగానీ మాకు మేలు చేయాలని చేయలేదని నాకు తెలుసు. అయినా మేలు మేలే. నా కూతుర్ని నాకు తిరిగి ఇచ్చావు. ఈ ఇల్లు ఉన్నంతకాలం నీ పేరు చెప్పుకుంటాం. పేపర్లో నిన్ను మొరటు ఆటగత్తె అని రాసినవాడి మాట పట్టించుకోకు. వాడు ఎప్పుడైనా పార్సిల్ తీసుకుని నా కౌంటరుకు రాకపోడు.

మీ అమ్మ సంగతి నాకు వదిలెయ్. ఫోన్ ఎత్తకపోతే రైలెక్కి వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటాను. ఎంతసేపు తలుపు తీయకుండా ఉంటుందో చూస్తాను.

నీ రుణం తీర్చుకోలేని,
మీ పిన్ని

తా.క. కవరు అంటిస్తుంటే పిచ్చుక ఉత్తరం లాక్కుని చదివింది. చదివి నవ్వుతుందనుకుంటే బావురుమంది. అసలు సంగతి ఇప్పుడు చెప్పింది. మ్యాచ్ ముందురోజు నీకు ఫోన్ చేసింది తనేనట. అందరూ తప్పుకుంటున్నారక్కా, నువ్వైనా నన్ను నిజంగా పడగొట్టు, లేవగలనో లేదో నాకు తెలియాలి అని బతిమాలిందట. నువ్వు తిట్టి ఫోన్ పెట్టేశావట. మళ్ళీ నువ్వే చేసి సరేనన్నావట. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుందట. అందుకని అంతమంది తిడుతుంటే, నేను తిడుతుంటే, కన్నతల్లి ముందు కూడా నోరు మెదపలేదా తల్లీ? నేను లేవకపోతే ఏం చేస్తావక్కా అని ఇది అడిగిందట. నువ్వు లేవకపోతే ఆరోజుతో నా ఆట కూడా అయిపోయినట్టే అన్నావట. అక్క ఏదో మాటవరసకు అనుంటుందమ్మా అంటోంది ఇది. మాటవరసకు ఏదీ అనే పిల్లవు కావు నువ్వు. నాకు తెలుసు.