ఆవులప్ప తుపాకిలో నేను పోయించిన మందు

బెంగళూరు,
17-2-1999

ఆయుధ లైసెన్సుల అధికారి గారి సముఖమునకు, తుపాకిమందు వ్యాపారి అశ్వత్థప్ప వ్రాసుకొను అర్జీ.

విషయం: మూతినుంచి మందు కూరే తుపాకిలో వాడకూడని మందు వాడించిన నేరము ఆవులప్పది కాదు, నాది అని ఒప్పుకొనుట గురించి.

అయ్యా,

1. నేను ఇరవై రెండేండ్లుగా ప్రభుత్వ లైసెన్సుపై పేటలో తుపాకిమందు అమ్ముచున్నాను. తమ కచేరీ ఎదుట అర్జీలు వ్రాసే ఆయన చేత ఇది కన్నడంలో వ్రాయిద్దామని రెండుసార్లు వచ్చి, ఆయన ముందు నోరు పెగలక తిరిగిపోయాను. అందుచేత నాకు వచ్చిన తెలుగులో, నా చేతితోనే వ్రాస్తున్నాను. మన్నించి తర్జుమా చేయించుకొనవలెను.

2. అత్తిబెలె దగ్గరి రైతు ఆవులప్పకు పంట రక్షణ కింద మూతినుంచి మందు కూరే తుపాకి ఒకటి ఉండెను. నిబంధన ప్రకారం అందులో బొగ్గు, సురేకారం, గంధకం కలిపిన నల్లటి మందు మాత్రమే పోయవలెను. తూటాలలో ఉండే పొగలేని మందు పోయరాదు. దాని విసురుకు పాత గొట్టం నిలవదు. ఈ సంగతి నాకు తెలుసును. ఆయనకు తెలియదు. లైసెన్సు ఇంగ్లీషులో ఉన్నది, ఆయనకు ఏ చదువూ రాదు.

3. 1996 అక్టోబరులో ఆయన నా అంగడికి వచ్చి, "అప్పా, పందులు రాగి చేను సగం తొక్కేసుండాయి. మందు ఉండాదా?" అని అడిగాడు. సరుకు అయిపోయి పది రోజులైంది. లేదు అంటే సరిపోయేది. పదిహేనేండ్లుగా నా దగ్గరికే వచ్చే మనిషి, రెండు బస్సులు మారి వచ్చాడు. ఉత్త చేతులతో పంపడానికి మొహం చెల్లలేదు. చెమ్మ తగిలి పక్కన పెట్టిన తూటాలు విప్పి, అందులోని మందు పొట్లం కట్టి ఇచ్చాను.

"రంగు వేరేగా ఉండాదే," అన్నాడు.

"ఇది ఇంకా మంచిదన్నా. పొగ రాదు."

"కొలత?"

"ఎప్పటి కొలతే," అన్నాను.

4. మరునాడు సాయంత్రం చేను గట్టున తుపాకి పేల్చగానే గొట్టం చీలింది. ఆయన ఎడమచేతి నాలుగు వేళ్ళు పోయాయి. పోలీసులు నన్ను అడిగినప్పుడు, సరైన మందే ఇచ్చానని, ఆయనే ఎక్కువ పోసుకొని ఉంటాడని వాంగ్మూలం ఇచ్చి సంతకం చేశాను. దాని మీదనే ఆయనపై నిర్లక్ష్యం కేసు పెట్టి, తుపాకి పట్టుకుపోయారు.

5. అర్జీలో వ్రాయదగినది అవునో కాదో తెలియదు. నేను ఆసుపత్రికి వెళ్ళాను. ఆయన భార్య అక్కయమ్మ తన చెంగుతో స్టూలు తుడిచి నన్ను కూర్చోమన్నది. ఆవులప్ప, "నా చెయ్యే ఎక్కువ పోసుంటుందప్పా. నీ మీద మాట రాకూడదని పోలీసోళ్ళకీ అదే చెప్పినా," అన్నాడు. నేను ద్రాక్షపండ్లు కడిగి పెట్టి వచ్చేశాను. ఆ చేను ఆయన మళ్ళీ విత్తలేదు.

6. ఆయన లైసెన్సు శాశ్వతంగా రద్దు చేసే విచారణ ఈ నెల 22న, సోమవారం. కావున ఆయన మీది నింద తొలగించవలెను. నా లైసెన్సు రద్దు చేసి, నా మీద చర్య తీసుకొనవలెను. ఇకమీదట ఇటువంటి తుపాకి లైసెన్సుల మీద ఏ మందు పోయవలెనో, ఏది పోయరాదో కన్నడంలోనూ తెలుగులోనూ అచ్చు వేయించి, చదువు రాని వారికి చదివి వినిపించవలెను.

రెండేండ్లకు పైగా నేను దాచిన ఈ నిజమును చిత్తగించి, శిక్ష పడవలసిన వాని మీదనే పడునట్లు చూడవలెనని వేడుకొనుచున్న

తమ విధేయుడు,
అశ్వత్థప్ప

ఇంకొక మాట: ఈ అర్జీని సంతకం చేయకుండానే ఈ ఉదయం ఆవులప్ప ఇంటికి తీసుకువెళ్ళి చదివి వినిపించాను. సగంలోనే అక్కయమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆవులప్ప చివరిదాకా విన్నాడు. తరువాత, "పాలు కొలిచేదానికి కూడా నా చేతిని నేను నమ్మడం మానేసుండానప్పా," అన్నాడు. సంతకం చేశావా అని అడిగాడు. ఇంకా లేదన్నాను.

"ఇక్కడే చెయ్యి. చూస్తా."

చేశాను. పైన ఉన్నది అదే.

"సోమవారం కచేరీలో కనబడు," అన్నాడు. "మా ఇంటికి మాత్రం ఇంక రావద్దు."

సోమవారం తమ కచేరీ తలుపులు తీసేసరికే అక్కడ ఉంటాను.