అవ్వ కప్పిన చిప్పు

ఆదోని, 1985 మే 14, మంగళవారం

ఈ రోజు ప్రోగ్రామర్ మిషన్ చిప్పు "ఖాళీ" అని చూపించగానే, అంగట్లో నాతో పనిచేసే ఖాజా, నేనూ అంగట్లోనే ఎగిరి గంతేశాం.

పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లులో దూది బేళ్లు కట్టే ప్రెస్సును నడిపే ఈ చిప్పును బోర్డులో ఉంచి రాసే వీలే లేదు. ఊడదీసి, పాత ప్రోగ్రాం చెరిపి, మిషన్‌లో పెట్టి కొత్తది రాసి, మళ్ళీ బిగించాలి. చెరిపే అతినీలలోహిత దీపం లేక, ఎండ కూడా చెరుపుతుందని మిద్దె మీద పెట్టాను. వారం చాలాలి. పది రోజులైనా చెరగలేదు. మిషనే చెడిపోయిందని దాన్ని తిట్టని తిట్టు లేదు. మిల్లు వాళ్లేమో, ఈ వారం దాటితే పని బళ్ళారి వాళ్లకు ఇస్తామన్నారు.

పోయిన వారం సోమవారం మధ్యాహ్నం మిద్దె ఎక్కితే చిప్పు మీద గుడ్డ!

"నేనే కప్పినా నాయనా," అంది అవ్వ. "అంత ఖరీదు వస్తువు ఎండకు మాడిపోదా? నువ్వు అంగడికి పోతానే కప్పి, వచ్చే యాళకు తీస్తాంటి."

ఆ రోజు నుంచి గుడ్డ లేకుండా ఎండబెడితే ఈ రోజుకు చెరిగింది.

కొత్త ప్రోగ్రాం రాసి బిగిస్తే, సాయంత్రం మిల్లులో ప్రెస్సు సరిగ్గా తిరిగింది. కానీ ఊడదీసీ పెట్టీ చిప్పు కాలొకటి వంగింది. ఇంకోసారి పీకితే విరుగుతుందేమో. బోర్డులో ఉండగానే రాసే రోజు ఎప్పుడొస్తుందో...

అంతకు ముందు, మిల్లుకు పోతూ ఇంటి దగ్గర ఆగినప్పుడు చిప్పు గాజు కిటికీకి నల్ల టేపు అంటించాల్సి వచ్చింది, లేకుంటే వెలుతురుకు రాసిందంతా పోతుంది. ఆ పని అవ్వకే ఇచ్చాను. బొటనవేలితో గట్టిగా నొక్కి, నా వైపు చూసింది.

"ఎండ తగలగూడదని నేను ముందే సెప్పలే?"