మూతపడ్డ బాయిలర్‌కు ట్యూబులు ఇప్పించమని

దీర్ఘకాలిక విద్యుత్ ప్రణాళికాధికారి గారికి,

అయ్యా,

విషయం: తమ ప్రణాళికలో నిరుడే మూతపడి, మా కళ్ళెదుట ఇంకా మండుతున్న రెండో బాయిలర్ గురించి.

నేను బొగ్గు మండించి కరెంటు తీసే సదరు బాయిలర్ మీద పనిచేసి రిటైరైన ఫోర్‌మన్‌ని. బడికి వెళ్ళింది తక్కువే గానీ తమ ప్రణాళిక పుస్తకం రెండుసార్లు చదివాను. "ఆ శ్రద్ధ నా మాట మీద పెట్టుంటే ఈపాటికి ఇంటికప్పు కారేది కాదు" అంది మా ఆవిడ. అది వేరే అర్జీ.

1. ఎండ కరెంటును దాచే బ్యాటరీలు మా యార్డులో పెట్టాకే బాయిలర్ ఆపుతామనీ, మావాళ్ళకు వాటి మీదే ఉద్యోగాలనీ తమరు మా క్యాంటీన్‌లో బల్ల గుద్ది చెప్పియున్నారు. వీధిలో పిల్లల దగ్గు వినీ వినీ ఉన్నవాణ్ణి, అందరికంటే ముందు ఒప్పుకున్నది నేనే.

2. బ్యాటరీలు రాలేదు. "ఇచ్చట బ్యాటరీలు వచ్చును" అని బోర్డు వచ్చింది. బోర్డు చాలా బాగుంది. ప్రణాళికలో మాత్రం అవి వచ్చినట్టే, బాయిలర్ ఆగినట్టే రాసుకున్నారు. పొద్దుగూకితే చాలు, "వెలిగించండి" అని కంట్రోల్ రూమ్ నుంచి ఫోను. తమ లెక్కల్లో లేని పొగ మా దండెం మీది బట్టలకుంది.

3. ఆగిన బాయిలర్‌కు మరమ్మతులుండవు కాబట్టి, చిల్లులుపడ్డ ఆవిరి ట్యూబులకు అతుకు మీద అతుకు వేస్తున్నారు. స్టోర్స్ ఆఫీసరును అడిగితే, "చచ్చినవాడికి మందు రాయమంటే ఏ డాక్టరు రాస్తాడు తాతా?" అన్నాడు. "చచ్చినవాడి చేత చాకిరీ చేయిస్తున్నదెవరు బాబూ?" అన్నాను. నవ్వాడు. టీ ఇప్పించాడు. ట్యూబు ఇవ్వలేదు.

పోయిన వారం ఒక అతుకు ఊడింది. ఆవిరి ఎదురుగోడకు తగిలి పెచ్చులు లేచిపోయాయి. అంతకు కాస్త ముందే ఆ గోడ దగ్గర నుంచి ఆపరేటరు పక్కకు జరిగింది. ఆ ఆపరేటరు మా అమ్మాయి.

పొగ తగ్గించవద్దని నేననను. బ్యాటరీలు తెచ్చి నిజంగా ఆపండి, అడ్డం పడను. అంతవరకూ బాయిలర్ బతికే ఉందని ఒక్క ముక్క రాసి ట్యూబులు మంజూరు చేయించండి.

చిత్తగించవలెను. చిత్తం లేనిచో ఒక సాయంత్రం వచ్చి ఆ గోడ దగ్గర నిలబడవలెను.

తమ మాట నమ్మి చెడిన విధేయుడు,
రెండో బాయిలర్ పాత ఫోర్‌మన్

తా.క.: అమ్మాయి ఇది చదివి, "నాన్నా, నువ్వయితే ఇవాళ వెలిగిస్తావా?" అనడిగింది. "చచ్చినా వెలిగించను" అన్నాను. "అయితే ఆస్పత్రిలో ఆపరేషన్ బల్ల మీద ఉన్నవాళ్ళకు ఇవాళ కరెంటు రాదని నువ్వే చెప్పిరా" అని చెప్పులేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. అయ్యా గియ్యా అనే ఓపిక నాకు లేదు. పిల్ల లోపలుంది. ట్యూబులు పంపు బాబూ.